పెడమొహం ఇల్లు

చిలోయే దీవుల్లో మా ఊరి ఇళ్లన్నీ
సముద్రానికి తలుపులు తీస్తాయి.
మాదొక్కటే కొండకేసి చూస్తుంది,
అలిగి గోడవైపు తిరిగి పడుకున్న పిల్లలా.
చేపలు పట్టేవాళ్లకు అదొక ఆనవాలు:
"బెలార్మినో పెడమొహం ఇల్లు దాటాక
పడవని ఎడమకి తిప్పు."
బెలార్మినో మా ముత్తాత.
ఎడ్లను తోలడం వచ్చినంతగా
ఇళ్లను తోలడం రాలేదని ఊరి మాట.

ఈ చలికాలం మా అమ్మమ్మ ఎదుల్మిరాకి
మోకాళ్లు మొరాయించాయి.
పొయ్యి దగ్గర కుర్చీ వేసుకుని
బంగాళాదుంపలు చెక్కుతూ కూర్చుంటుంది.
నల్లవి, వంకరవి, వేలెడేసివి.
నేను అడుగుతాను. ఆమె చెక్కుతుంది.
తొక్కతోపాటు ఒక్కో మాట రాలుతుంది.

"ఈ ఇల్లు ఇక్కడ కట్టింది కాదే. వచ్చింది."

ఎదురు దీవిలో బావి ఉప్పెక్కిందట.
నీళ్లు చెడ్డాయని ఇల్లు వదులుకుంటామా?
పునాది మొద్దుల మీంచి ఎత్తి
దుంగల మీద పెట్టి
పన్నెండు జతల ఎడ్లతో ఒడ్డుదాకా లాగారు.
నిన్న ఎనిమిది జతలన్నావు కదా అంటే,
నిన్న నాకు ఆకలిగా ఉందంది.
పోటు వచ్చేదాకా ఆగి, పీపాలు కట్టి,
పడవలకు తాళ్లు బిగించారు.
లాగినవాళ్లకు కూలి లేదు.
కడుపునిండా మాంసం, ఆపిల్ కల్లు,
రేపు వాళ్లిల్లు కదిలితే మనం వెళ్లి లాగడం.
అప్పంటే అప్పట్లో అదీ.

ఇల్లు తేలింది.
"గొట్టంలోంచి పొగ వస్తూనే ఉంది" అంది.
చాకు ఆగింది.
సముద్రం నడిమధ్య పొయ్యి ఎవరు ముట్టించారు?

ఖాళీ ఇల్లనుకున్నారు అందరూ.
లోపల తాతమ్మ క్లోరిండా ఉంది,
ఏడేళ్ల ఈ అమ్మమ్మని ఒళ్లో కుదేసుకుని
దారిపొడవునా కట్టెలు పెడుతూ.
పొయ్యి ఆరితే ఇల్లు దారి మరిచిపోతుందని
కూతురికి చెప్పిందట.
డెబ్బై ఏళ్లుగా అమ్మమ్మ
అడిగినవాళ్లందరికీ అదే చెప్పింది.
నాకూ అదే చెప్పి, లేచి వెళ్లి పడుకుంది.

మూడు రోజులు వాన. మాటల్లేవు.
నాలుగో రోజు మాతే ఆకుల కషాయం
ఒకటే బుర్ర, ఒకటే గొట్టం,
ఆమె తాగి నాకు, నేను తాగి ఆమెకు.
మూడో వంతో నాలుగో వంతో, బుర్ర ఇవ్వకుండా పట్టుకుని

"నాకొక తమ్ముడుండేవాడు" అంది.

ఎలిసెయో. పదకొండు నెలలు. కోరింత దగ్గు.
ఇల్లు కదలడానికి ముందు వారం
పెరట్లో ఆపిల్ చెట్టు కింద పెట్టారు.
ఇంటిని మోసుకొచ్చారు సరే,
ఆ మూరెడు నేలని ఏ ఎడ్లు లాగుతాయి?

ఇవతలి ఒడ్డున, అందరిళ్లలాగే
గుమ్మం నీళ్లవైపు తిప్పబోతుంటే
తాతమ్మ తలుపు తీసి, మసి చేతులతో,
"ఇట్లాగే ఉంచు" అంది.
వంటింటి కిటికీ ఎదురు దీవికి సూటిగా ఉంది.
ముత్తాత ఒక్క క్షణం అటు చూసి
ఎడ్లను విప్పేశాడు.
జనం నవ్వితే తనూ నవ్వాడు.
చచ్చేదాకా చేతకానివాడిగానే బతికాడు.

ఆ కిటికీ ముందు
ఎన్ని వేల గిన్నెలు కడిగానో నేను.
ఆవిరి తుడిచినప్పుడల్లా
అవతల ఒక పచ్చటి మచ్చ.
అది కనిపిస్తే బట్టలు ఆరేసేదాన్ని,
కనిపించకపోతే లేదు.
అంతవరకే నాకు దానితో పని.

నాకు ఎలిసా అని పేరెందుకు పెట్టారో
నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

ఇవాళ పొగమంచు. ఎదురు దీవి లేదు.
కడిగిన గిన్నెనే మళ్లీ కడుగుతూ నిలబడ్డాను.
వెనకనుంచి అమ్మమ్మ:
"కట్టె పెట్టు, ఆరేట్టుంది.
రాసుకుంటున్నావుగా, సరిగ్గా రాసుకో.
పద్నాలుగు జతలు.
ఒకదానికి కొమ్ము విరిగింది."